సముద్రం వైపు గోడ

ఇది ఒక కోట పతనం కథ. ముట్టడి, ఫిరంగులు, నెత్తురు, అన్నీ ఉంటాయి. నిజానికి ఏవీ లేవు. మా కోటను ముట్టడించే తీరిక ఎవరికీ దొరకలేదు. ఎప్పుడో ఓడల మీద వచ్చిన దొరలు బట్టల వ్యాపారానికి కట్టుకుని, గిట్టక వదిలేసి పోయినారు. యాభైల చివర్లో, నాకు ఊహ తెలిసేసరికి, ఒక గోడ, సగం కమాను, ఉప్పునీళ్ల బావి మిగిలాయి.

మిగతా కోట ఊళ్లోనే ఉంది. పొయ్యిల్లో, అరుగుల్లో, మా అవ్వ చేపలు తోమే రాతిలో. ఆ రాతి మీద ఎవరో దొరసాని పేరు చెక్కి ఉండేది. అవ్వ రోజూ తోమి తోమి సగం అరగదీసింది.

ఆ గోడే మా పడవలకు గుర్తు. గోడ కొన, దాని వెనక తాడిచెట్టు ఒక్క వరసలోకి వస్తే ఎదురుగా ఏటి మొగ, పడవలు సముద్రంలోంచి ఏట్లోకి వచ్చే దారి. వరస తప్పితే ఇసుక మేట, పడవ బోర్లా. అందుకే ఊళ్లో ఒక కట్టుబాటు: సముద్రం వైపు ఇటుక ముట్టరాదు. ఎవరూ ముట్టలేదు. అందరం ఊరివైపు నుంచే తీసుకున్నాం. సముద్రం మీదనుంచి చూస్తే అది కోట; ఇటునుంచి చూస్తే అప్పడం.

నా పందొమ్మిదో ఏట, కార్తీకంలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. గోడ కూలిపోయింది. పెద్ద చప్పుడు కూడా చేయలేదు. నాయన పడవతో కలిపి నాలుగు పడవలు సముద్రం మీదున్నాయి. కాలికి చేపముల్లు దిగి నేను ఒడ్డున ఉండిపోయాను. మూడు రోజుల ముందే అమ్మ పొయ్యికి రెండు ఇటుకలు తెచ్చింది నేనే. కోటను కూల్చిన వీరుణ్ణి నేనేనని పక్కవాడితో అన్నాను. అమ్మ విన్నది. నావైపు తిరగలేదు.

ఆడవాళ్లు ఇటుకల గుట్ట ఎక్కి, వెదురుగడకు తెల్ల పంచె కట్టి, గోడ కొన ఉన్నచోట తాడిచెట్టుకు సూటిగా నిలబెట్టారు. గాలికి ఒరిగిపోకుండా అమ్మా నేనూ దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాం. మూడు పడవలు వచ్చినాయి. నాలుగోది రాలేదు. నా చేతులు లాగేస్తున్నాయి. అమ్మ మాత్రం పట్టు మార్చుకోలేదు.

పొద్దు వాలుతుండగా నాయన పడవ మొగలోకి వచ్చింది. ఆయన దిగి, ఆ గుట్టను చాలాసేపు చూసినాడు.

"కోట యాడికి పోయిందే?"

"మన పొయ్యిలో ఉండాది," అంది అమ్మ. "రా, అన్నం తిందువు."

నాయన నవ్వలేదు. ఆ గుట్టలోంచి ఆ ఏడు ఎవరూ ఒక్క ఇటుక కూడా ఇంటికి మోసుకుపోలేదు.

కోట ఉన్నచోట ఇప్పుడు ఆ గడే ఉంది. వెదురు కదా, చెద పడుతుంది. ఏటా మార్చాలి.