తెరచాప కింద ఆయన అడిగింది

మా ఆయన పోయారు. కిందటి నెల ఒక ఉదయం, రెండోసారి కాఫీ అడిగి, నేను తెచ్చేలోపే. పలకరించిన వాళ్ళందరూ అదృష్టవంతుడు, అనాయాసంగా వెళ్ళిపోయారు అన్నారు. వాళ్ళకేం, కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది నేను.

ఆయన రాజమండ్రిలో సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి గాలులూ సముద్రాలూ పాఠం చెప్పి, ఒక్కసారి కూడా తెరచాప పడవెక్కలేదని ఆయనకి బెంగ. పేపరు తిరగేస్తున్నా, పూతరేకు పొట్లం విప్పుతున్నా అదే మాట. చివరికి నిరుడు వైశాఖంలో, ఓడలరేవు దగ్గర అలాంటి పడవ ఇంకా ఒకటి ఉందని ఎవరో చెబితే నన్ను బయల్దేరదీశారు.

నేను పులిహోర, దద్దోజనం, ఆవకాయ, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోడానికి ఎండు ఉసిరి ముక్కలు, అన్నీ సర్దాను. మనం వెళ్తున్నది సముద్రం మీదికా, సంతర్పణకా అని ఒకటే ఎత్తిపొడుపు. తీరా పడవలో గిన్నెలు ఖాళీ చేసింది ఆయనా, పడవ నడిపిన పెద్దాయనా. నేనేమో బల్ల అంచు వదిలితే ఒట్టు.

ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. పైరగాలికి చాప నిండుగా పొంగింది. ఇంజను మోత లేకపోతే నీళ్ళ చప్పుడు అంత దగ్గరగా వినిపిస్తుందని నాకు తెలీదు. ఒడ్డున కొబ్బరితోటలు సన్నటి గీతలా మిగిలాయి. ఆయన చెప్పులు విప్పేసి, పంచె మోకాళ్ళ పైకి దోపుకుని కూర్చున్నారు. అన్నేళ్ళ కాపురంలో ఆయన్ని అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. చూస్తూ చూస్తూ నా భయం సంగతి మర్చిపోయాను.

అప్పుడడిగారు.

"ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవ్వా?"

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం భర్త పేరు నోటితో అనం. 'ఏవండీ'తోనే నలభై నాలుగేళ్ళు గడిచాయి. దరఖాస్తుల్లో రాశానే గానీ పలకలేదు. ఎవరైనా అడిగితే పక్కనున్న ఆయనే చెప్పేసేవారు. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఈ వయసులో ఇదేం సరదా అని కోపం కూడా వచ్చింది. వెనక పెద్దాయన ఉన్నారన్నాను. ఈ గాలిలో ఆయనకేం వినపడుతుంది అన్నారు.

"ఇంటికెళ్ళాక పిలుస్తాలెండి."

"సరే, నీ ఇష్టం," అని చాప వైపు చూశారు.

మళ్ళీ అడగలేదు. కాఫీ తప్ప దేన్నీ రెండోసారి అడిగే మనిషి కాదు. ఒకటి రెండుసార్లు, ఆయన పేపర్లో మునిగి ఉన్నప్పుడు, వెనక నిలబడి పెదవుల దాకా తెచ్చుకున్నాను. తీరా 'ఏవండీ' అనే వచ్చింది. ఇంట్లో మేమిద్దరమే, వినేవాళ్ళెవరు? అయినా నోరు రాలేదు. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ పడవ మీది పగట్లో ఒక్క గంట తిరిగిస్తే చాలు, అంతకన్నా ఏమీ అక్కర్లేదు నాకు. ఎవర్ని అడగను?

మొన్న మరణ ధ్రువపత్రం కోసం మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ అవతల గుమాస్తా పోయినవారి పేరు చెప్పమన్నాడు. అలవాటుగా పక్కకి చూశాను. ఎవరూ లేరు. చెప్పాను. ఫ్యాను మోతలో వినపడలేదట.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా."

గట్టిగా చెప్పాను. అతను రాసుకుని, ఇక చాలన్నట్టు తలెత్తాక కూడా, ఇంకోసారి చెప్పాను.