నీలం పెచ్చు

మా డిపార్ట్‌మెంట్‌లో శవం పాత్ర ఎప్పుడూ బాబాయిదే. ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీలో చేరిన ప్రతివాళ్లూ మొదటి నెలలో ఆయన చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి, తమ పరిశోధనా ప్రతిభను ఆయన మీద ప్రదర్శించాల్సిందే. పై అంతస్తు చివరి గదిలో ఒక కుంటి మంచం, పగిలిన గ్లాసు పెట్టి, ఇక్కడ హత్య జరిగిందనుకోండి అంటారు. బాబాయి నేలమీద బోర్లా పడుకుంటాడు. పంచదార పాకంలో ఎర్రరంగు, కాస్త కాఫీపొడి కలిపి రక్తం తయారుచేసేదీ ఆయనే, దాన్ని తన చొక్కాకు పూసుకునేదీ ఆయనే. కాసేపటికే చీమలు దండెత్తి వస్తాయి.

"మేడమ్, శవం గోక్కుంటోంది" అని అరిచాను నేను.

"నువ్వు పడుకుని చూడు తల్లీ, తెలుస్తుంది" అన్నాడు శవం.

మా పరిచయం అలా మొదలైంది. మేమంతా బాబాయి అని పిలిచే ఆయన మా ల్యాబు అటెండరు. సీసాలు కడగడం, స్లైడ్లు తుడవడం, తలుపులు వేయడం, తీయడం ఆయన పనులు. శవం ఉద్యోగం అదనం, దానికి జీతం లేదు.

నా చదువు సంగతీ చెప్పాలి. ఇందులో చేరతానన్న రోజున మా మేనత్త, "పోలీసువవుతావా?" అంది. కాదన్నాను. "డాక్టరువా?" కాదన్నాను. "మరి ఏం ఒరగబెడదామనే?" అంది. "రేపు నిన్నెవరైనా చంపితే ఎవరో చెప్పడానికి" అన్నాను. మా అమ్మ నెత్తి బాదుకుంది. నా నోరు అంతే. మా సీనియర్లలో ఒకడు షాపులకు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడని, ఇంకొకామె కాల్ సెంటర్లో బ్యాంకు కార్డులు అంటగడుతోందని అప్పటికి నాకు తెలియదు. తెలిశాక కూడా ఒక్క మాట పట్టుకుని వేలాడాను. మనుషులు అబద్ధాలు చెప్తారు, వస్తువులు చెప్పవు అని మేడమ్ మొదటి క్లాసులో అన్న మాట అది.

బాబాయికి ఒక్కతే కూతురు. ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తుంటే నీలం కారు గుద్దేసి, ఆగకుండా వెళ్లిపోయింది. పిల్ల దక్కలేదు. నేను కాలేజీలో చేరేనాటికే ఇది పాత సంగతి. పోలీసులు నీలం కారు కోసం కొన్నాళ్లు వెతికి చేతులు దులుపుకున్నారు. సైకిలేమో పోలీస్ స్టేషన్ వెనక వానలో నాని, తుక్కులోకి పోయింది. పిన్ని, అంటే బాబాయి భార్య, కుట్టుపని మానేసి, మా కాలేజీ ఎదురుగా ఉన్న పెద్ద బజారు పార్కింగులో టోకెన్లు ఇచ్చే పనికి కుదిరింది. జీతం కోసం కాదు, కార్ల కోసం. నీలం కారు వస్తే చాలు, టోకెన్ చేతిలో పెట్టి, ముందుకెళ్లి వంగి, గుద్దిన గుర్తుందేమోనని బంపరు చూస్తుంది. నంబరు చూస్తోందనుకుంటారు కార్లవాళ్లు.

మూడో ఏడాది మేడమ్ రంగుల పాఠం చెప్పారు. కారు రంగు పొరలు పొరలుగా ఉంటుందని, గోరంత పెచ్చు దొరికినా నిలువునా కోసి మైక్రోస్కోపులో చూస్తే ఏ కంపెనీ కారో, ఏ ఏడు తయారైందో కూడా పసిగట్టవచ్చని అన్నారు. కొత్త మైక్రోస్కోపు ఆ ఏడాదే వచ్చింది. వెనక సీసాలు తుడుస్తున్న బాబాయి చేయి ఆగిపోవడం నేను చూశాను.

క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నీలం పెచ్చు, చింతగింజలో సగం కూడా లేదు.

"మర్నాడు రోడ్డంతా మోకాళ్ల మీద వెతికానమ్మా. ఇది దొరికింది. ఐదేళ్లుగా నా దగ్గరే ఉంది. దీంతో ఆ కారేదో చెప్పగలవా?"

"చెప్పొచ్చు బాబాయ్" అన్నాను. గొప్పగానే అన్నాను.

మేడమ్ మాత్రం మొహం చిన్నది చేసుకున్నారు. "జేబులో ఇన్నాళ్లు తిరిగిన ముక్క. కోర్టులో చెల్లదయ్యా" అన్నారు.

"కోర్టు వద్దు మేడమ్. అది ఎలాంటి కారో తెలిస్తే, తిరిగి తిరిగి నేనే పట్టుకుంటాను. ఎదురుగా నిలబడి ఒక్కసారి వాడి మొహం చూడాలి. అంతే."

ఆవిడ కాదనలేక, నా ప్రాజెక్టుగా చేసుకోమన్నారు. నేను బాబాయికి ముందే చెప్పాను. "ముక్క ఇంక ముక్కలా ఉండదు. గట్టిపడే జిగురులో పెట్టి అరగదీయాలి. చాలావరకు పొడైపోతుంది."

"అరగదీయ్ తల్లీ. వాడి కారు ముక్క దాచుకుని నేనేం పూజించుకోవాలా?"

అరగదీశాను. మైక్రోస్కోపు కింద పెట్టాను. కారు రంగయితే పొరలన్నీ గీత గీసినట్టు సమానంగా, పైన అద్దంలాంటి పొరతో ఉండాలి. ఇక్కడ అడుగున పలచటి ఎరుపు. దాని మీద అక్కడక్కడా తుప్పు. ఆ పైన నీలం, ఒకచోట మందంగా, ఒకచోట పలచగా. అద్దంలాంటి పొర లేనే లేదు. అన్నిటికన్నా పైన జిడ్డు. ఇది ఏ ఫ్యాక్టరీలోనూ వేసిన రంగు కాదు. ఎవరో ఇంట్లో కూర్చుని కుంచెతో వేసిన రంగు.

మెడ పట్టేసి తలెత్తాను. ఎదురుగా ల్యాబు కిటికీ, అదే నీలం. బ్లేడుతో కాస్త గీకి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మళ్లీ చూశాను. ఎన్నిసార్లు చూసినా రెండూ ఒకటే.

మేడమ్‌కి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, కుర్చీలో కూర్చుండిపోయారు. బాబాయిని పిలవమన్నారు.

"బాబాయ్, ఈ కిటికీలకు రంగు ఎవరు వేశారు?" అని అడిగాను.

"నేనే వేశాను. ఎందుకమ్మా? డబ్బాలో కాస్త మిగిలితే మేడమ్‌ని అడిగి ఇంటికి కూడా తీసుకెళ్లాను. అమ్మాయికి పాత సైకిల్ కొన్నాం, ఎర్రది. తనకేమో ఎరుపు పడదు..."

అక్కడ ఆగిపోయాడు. నా మొహం, మేడమ్ మొహం చూశాడు.

"కాదు. సైకిల్ రంగు ఎండకి వెలిసి తెల్లబోయింది. ఇది ఎలా మెరుస్తోందో నువ్వూ చూశావుగా."

"చైన్ కవరు లోపలివైపుది బాబాయ్. అక్కడ ఎండ తగలదు. గ్రీజు కూడా ఉంది."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ అడిగేశాను. "నీలం కారని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారమ్మా? చూసినవాళ్లెవరూ లేరు. ఈ ముక్కే చెప్పింది. పోలీసులకి నేనే చెప్పాను."

ఆ మాట అన్నాక అదేమిటో ఆయనకే తెలిసివచ్చింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "తెల్లవి, నల్లవి, ఎర్రవి... వచ్చినవాటన్నిటికీ టోకెనిచ్చి పంపేసింది మీ పిన్ని" అన్నాడు.

మేడమ్ ఏడ్చేశారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మైక్రోస్కోపు మీద, ఆ కిటికీ మీద, నా మీద, ఈ చదువు మీద.

కాసేపటికి బాబాయి లేచి చేయి చాపాడు. "నా ముక్క ఇవ్వు తల్లీ."

జిగురు దిమ్మ ఇచ్చాను. వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఏదమ్మా?"

"అంచున సన్నగా గీతలా ఉంది బాబాయ్."

"కనబడట్లేదు."

దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇన్నేళ్లుగా మైక్రోస్కోపులు తుడవడమే తప్ప, ఒకదాంట్లోకి కన్ను పెట్టడం ఆయనకి అదే మొదటిసారి. ఎంతకీ తల ఎత్తలేదు.

"లోపల ఎవరు చూస్తారు నాన్నా, వదిలెయ్ అంది. తుప్పు పడుతుందని నేనే లోపల కూడా వేశాను" అన్నాడు.

కూతురి సైకిల్లో మిగిలినది ఆ వెంట్రుకవాసి రంగే. మిగతాదంతా అరగదీసి తగలేసింది నేనే. ఆయన స్టూలు దిగాడు. దిమ్మని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, ఆ రోజు కడగాల్సిన సీసాలన్నీ కడిగి వెళ్లాడు.

సాయంత్రం బస్సు కోసం నిలబడితే, రోడ్డుకు అవతల పార్కింగు గేటు దగ్గర ఇద్దరూ కనిపించారు. పిన్ని ఏదో అడిగింది. బాబాయి తల అడ్డంగా ఊపి, ఇంకా చూస్తున్నారన్నట్టు మా కాలేజీ వైపు చేయి చూపించాడు. అంతలో ఒక నీలం కారు వచ్చింది. పిన్ని టోకెన్ ఇచ్చి, ముందుకెళ్లి బంపరు దగ్గర వంగింది. బాబాయి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత తనూ వెళ్లి, ఆమె పక్కన వంగి చూశాడు.