శాక్రమెంటో దాకా సెన్సారూ దారమూ

ఉదయం ఏడున్నరకి ఫ్రీమాంట్‌లో రైలెక్కాం: నేను, సుజాత అక్క, మా ప్రిన్సిపాల్ గ్రెగ్. అక్కా నేనూ ఒకే హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాం. ల్యాబ్‌కి ఏం కొనాలన్నదే మా తగువు. శాక్రమెంటోలో టీచర్ల వర్క్‌షాప్‌లో ఇద్దరూ చేసి చూపించండి, ఎవరిది బాగుంటే ఆ సామానే కొంటానన్నాడు గ్రెగ్.

నా ఒళ్లో దూరం కొలిచే సెన్సారు, ల్యాప్‌టాప్, వైర్లు ఉన్న పెట్టె. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లో లోలకం కట్టడానికి దారం, ఒక ఇనప నట్టు.

"గింత పెట్టె ఎందుకే నీరజా? ఊగుడు చూడనీకి కండ్లు సాలవా?"

"చేత్తో టైమ్ చేస్తే ఎర్రర్ వస్తుంది అక్కా."

ఎదుటి సీట్లో ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగమ్మాయి, కాలేజీ స్టూడెంట్, పెట్టె వంక చూసి, "ఆంటీ, అది కరోకే మెషినా?" అంది. అక్క నవ్వు రిచ్‌మండ్ దాకా ఆగలేదు. ఈ దారిన వెళ్లేవారు ఎడమవైపు కూర్చోండి. రిచ్‌మండ్ దాటాక చాలాసేపు కిటికీ కిందే నీళ్లు.

పదింటికి దిగాం. మధ్యాహ్నం గ్రెగ్ రెండు బురీటోలు తిని, నా బల్ల చివరే కుర్చీ వేసుకున్నాడు. బల్ల మీద స్ప్రింగుకి కట్టిన చిన్న బండి, ఎదురుగా సెన్సారు. బండి లాగి వదిలాను. తెరమీద గీత అలలా నున్నగా లేచి పడింది. టీచర్లు చప్పట్లు కొట్టారు. నేను ఉప్పొంగిపోయాను.

బండి ఆగింది. అల ఆగలేదు.

వైరు కదిపాను, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే అల. అక్క సెన్సారు పక్కన వంగి, అది చూస్తున్న దిక్కుకి చూసింది.

"నీరజా, దీని సూపు బండి మీదికెల్లి పోతున్నది. సార్ పొట్టను కొలుస్తున్నది!"

గ్రెగ్ హాయిగా నిద్రపోతున్నాడు; ఊపిరికి ఆయన పొట్ట లేచి పడుతున్న తీరే తెరమీద అల. అక్క వేలు చూపిన వైపు చూసి హాలంతా గొల్లుమంది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి వాలాడు. గీత అమాంతం ఎగిరింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత అక్క వంతు. దారానికి కట్టిన నట్టు నాలుగు ఊపులు ఊగి, ముడి వీడి, ముందు వరసలో ఒకాయన కాఫీ కప్పులో పడింది.

"గదేందో ముడి సక్కగ పడలే," అంది అక్క, టిష్యూ కోసం వెతుకుతూ.

సాయంత్రం తిరుగు రైలెక్కాం. గ్రెగే తేల్చేశాడు: "రెండూ కొందాం. కానీ పిల్లలు ముందు దారంతో చెయ్యాలి. ఊగడం ఎలా ఉంటుందో కళ్లతో చూసినవాడికి, తెరమీద నా పొట్ట ఇట్టే దొరికిపోతుంది."

నాకు అదే సబబనిపించింది. సెన్సారు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఎవర్ని కొలుస్తోందో నేనే చూసుకోలేదు.




"ఆ గ్రాఫ్ నాకు ఈమెయిల్ చెయ్యి, మా డాక్టర్‌కి చూపిస్తాను," అన్నాడు గ్రెగ్.