రెండూ అడిగిన అత్త

సహోదరులారా, నా కళ్ళు పచ్చబడిపోయిన ఆ వానాకాలం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కుడి డొక్కలో నొప్పి, పొద్దు వాలితే చలిజ్వరం, ఒళ్ళంతా దురద, అన్నం చూస్తే వెగటు. స్కాన్ తీసిన డాక్టరుగారు పైత్యరసం దిగే నాళంలో పెద్ద రాయి ఉందన్నారు. దాని వెడల్పు పద్దెనిమిది మిల్లీమీటర్లు, అది దిగిరావలసిన నాళం మూతి అందులో సగం కూడా లేదు! కడుపు కోసి తీద్దామంటే నా గుండె బలహీనం, తట్టుకోదన్నారు.

విశాఖ పోర్టులో ఓడల్లోకి దించే సరుకుకు కొలతలు చూడడం నా పని. బడిలో నేర్చింది కాదు, తాడు పట్టి కొలిచి కొలిచి నేర్చుకున్నది. దారికన్నా సరుకు పెద్దదైతే ఎంతమంది పట్టినా కదలదని నాకు తెలుసు, అందుకే నా పని అయిపోయిందనుకున్నాను. అనుకున్నట్టే నోట్లోంచి కెమెరా గొట్టం దించి, మూతిని కొద్దిగా కోసి, తీగల బుట్టతో పట్టి లాగితే రాయి రాలేదు. పైత్యరసం దిగడానికి చిన్న ప్లాస్టిక్ గొట్టం అమర్చి, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దామని ఇంటికి పంపారు.

ఆ రోజుల్లో మా ప్రార్థన మందిరం రేకుల షెడ్డు. పాట మధ్యలో రేవులో ఓడ కూత పెడితే అందరమూ ఆగి, అది అయ్యాక ఆ మాట దగ్గరే మళ్ళీ అందుకునేవాళ్ళం! ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా భార్య తల్లి, జెట్టీ దగ్గర ఎండుచేపలమ్మే మా అత్త, ఉప్పువాసన పోని చెయ్యి నా డొక్క మీద వేసి గట్టిగా ప్రార్థించింది.

"పెబువా, ఆ గుమ్మాన్ని పెద్దది సెయ్యి! ఆ రాయిని సిన్నది సెయ్యి!"

ప్రార్థన అయ్యాక ఉండబట్టలేక అడిగాను. "అత్తా, లెక్కకి ఒకటి సాలు కదా, రెండూ ఏటి అడుగుతన్నావ్?"

"నీ లెక్కలు నీ ఓడలకాడ ఎట్టుకో బాబూ. ఆయనకి రెండు పనులు బరువేటి?"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు, జబ్బు చేశాక మొదటిసారి నేనూ నవ్వాను.

రెండోసారి ఆసుపత్రిలో ఏం చేశారో డాక్టరుగారు తరువాత వివరిస్తుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు! చిన్న బెలూన్ పెట్టి ఉబ్బించి నాళం మూతిని మెల్లగా వెడల్పు చేశారట, రాయిని తీగల బుట్టలో బిగించి లోపలే నలిపి ముక్కలు చేశారట, ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటే దిగి వచ్చాయట. గుమ్మమూ పెద్దదైంది, రాయీ చిన్నదైంది! ఆ వైద్యుల చేతులకు ఆ నేర్పు ఇచ్చిన దేవునికే మహిమ! పరుగున వెళ్ళి చెబితే అత్త ఆశ్చర్యపడనైనా లేదు. "మరి రెండూ అడిగాను కదేటి" అని చేపల గంప సర్దుకుంది.

అత్త ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. మందిరానికి శ్లాబు పడింది, మైకులొచ్చాయి, ఓడ కూత ఎవరికీ వినబడదు. అయినా ఒక్కోసారి పాట మధ్యలో నేనొక్కణ్ణే ఆగిపోతుంటాను.

ప్రియులారా, మీ దారికి అడ్డుపడిన రాయి ఏదైనా ఆయన దగ్గరికి తెచ్చుకోండి. వైద్యుని దగ్గరికీ వెళ్ళండి, మోకాళ్ళూ వంచండి. ఆయనకు భారమవుతుందేమోనని తగ్గించి మాత్రం అడగకండి. ఇన్నేళ్ళు కొలిచి బతికిన నేను కూడా ఇప్పుడు రెండూ అడుగుతున్నాను.