నేను లేచి నడిచిన పొద్దు

చానా ఏండ్లుగా ఈ మాటను మోస్తా ఉన్నాను. నా పెండ్లానికి కూడా మొన్నటిదాకా తెలీదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పేది కొంచెం సులువు.

హోసూరు పక్క గులాబీ తోటలు కొత్తగా వస్తా ఉండిన కాలం. మాది ఉద్దనపల్లి. పూల పెట్టెలు టెంపోకి ఎత్తీ ఎత్తీ నా నడుము పోయింది. నరం నొక్కుకొని కుడికాలు ఈడ్చుకుంటా నడిచేవాణ్ని. కృష్ణగిరిలో చిన్న ఆస్పత్రి పెట్టుకొని ఉండిన ఒక డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. అయినాక ఏమీ దాచకుండా చెప్పింది. నరాల చుట్టూ ఉండే పల్చటి పొర ఒకచోట చిరిగిందంట, అప్పుడే కుట్టేసిందంట. ఆ పొర లోపల నీరు ఉంటుంది, కుట్టు మానేదాకా తల ఎత్తకుండా పండుకోవాల అనింది.

మరుసటి పొద్దున నా పెండ్లాం కాఫీ తెచ్చేదానికి కిందికి పోయింది. కాలు కదిలించి చూసినాను. నొప్పి లేదు. ఆ సంతోషం ఎట్లా చెప్పేది? లేచినాను. కిటికీ దాకా నడిచినాను. వెనక్కి వచ్చి, మళ్లా పోయినాను. కాలు ఈడ్వలేదు. రోడ్డు మీద బస్సులు పోతా ఉంటే రాజు మాదిరి నిలబడి చూసినాను. ఆమె వచ్చే లోపల పండుకున్నాను.

సాయంత్రానికి కట్టు తడిసింది. తేట నీరు. తల ఎత్తితే పగిలిపోయేంత నొప్పి. డాక్టరమ్మ చూసి మెల్లిగా అడిగింది.

“లేచినావా అప్పా?”

“లేదమ్మా.”

“నిజం చెప్పు. నేనేమీ అనను.”

“లేదంటిని కదమ్మా.”

మళ్లా అడగలేదు. పక్కనే ఉండిన మా బామ్మర్ది ఆమె చెయ్యి జారిందని రచ్చ చేసినాడు. “నా కుట్టే నిలవలేదేమో, మళ్లా కుడతాను” అనింది ఆమె. నేను విని ఊరికే ఉన్నాను. ఎందుకు? భయమా, సిగ్గా? నేను లేవకపోయినా ఆ కుట్టు ఊడేదేమో, ఊడేది కాదేమో, నాకు తెలీదు. అది తేల్చుకునే దారి కూడా ఆమెకు లేకుండా చేసింది మాత్రం నేనే.

ఆమె మళ్లా తెరిచి, సన్నగా కుట్టి, నా ఒంట్లోది చిటికెడు కొవ్వు తీసి దానిమీద పరిచి మూసింది. ఈసారి కదల్లేదు. మానింది. నడిచి ఇంటికి వచ్చినాను, మళ్లా తోట చేసినాను. బామ్మర్ది మాత్రం ఊరూరా చెప్పుకొచ్చినాడు. మా పక్కనుంచి ఆమె దగ్గరికి పోయేవాళ్లు నిలిచిపోయినారు. కొన్నేండ్లకు ఆస్పత్రి మూసి వెళ్లిపోయిందంట. యాడ ఉందో ఎవరికీ తెలీదు.

మొన్న మా ఇంట్లో అందరూ కూడినప్పుడు బామ్మర్ది మళ్లా ఆ మాటే ఎత్తినాడు. నేను నిలబడినాను.

“ఆమె చెయ్యి బంగారంరా. లేవద్దంటే లేచింది నేను. అబద్ధం చెప్పింది నేను.”

అతను చెప్పులేసుకొని పోయినాడు. నా పెండ్లాం నా మొకం చూడలేదు. పోనీ. అందరి ముందరా, గట్టిగా, నా నోటితోనే చెప్పినాను.