పహిల్వాన్‌కు రెండు ఎండలు

ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కుంటే తెలివి దానంతట అదే వస్తుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నిజాం కాలం, నాకు పందొమ్మిదేళ్లు, పశువుల దవాఖానాలో కొత్తగా కాంపౌండరు కొలువు. పుట్టి పెరిగింది శాలిబండ గల్లీలోనే కాబట్టి పొలమంటే రైలు కిటికీలోంచి కనిపించే పచ్చదనం అని తప్ప ఇంకేమీ తెలియదు (ఆ రైలు కూడా రెండుసార్లే ఎక్కాను). కోటు జేబులో మాత్రం ఉర్దూలో అచ్చయిన పశువైద్యం పుస్తకం ఉండేది. అందులో ఎనిమిది పేజీలు చదివాను. మనిషి చెడిపోవడానికి అవి చాలు.

మా పక్కింట్లో ఫౌజు నుంచి పింఛను మీద వచ్చిన జమేదార్ సాబ్ ఉండేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకున్నదల్లా పహిల్వాన్ అనే పొట్టేలు. తల్లి చచ్చిన పిల్లను తెచ్చి, సీసాతో పాలు పట్టి పెంచారు. సాయంత్రాలు దాని ఉన్ని దువ్వి, కొమ్ములకు నూనె రాసి గల్లీలో తిప్పుతుంటే ఎదురైనవాళ్లు ముందు పొట్టేలును పలకరించి, ఆ తర్వాత ఆయనకు సలాం చేసేవాళ్లు. ఆయనకు అదే సంతోషం.

ఒకరోజు పహిల్వాన్ ముందు పచ్చటి లేత మేత చూడగానే నాకు ఎనిమిదో పేజీ గుర్తొచ్చింది. లేత జొన్నలో, అందులోనూ వానల్లేక వాడి మళ్లీ చిగిర్చిన పిలకల్లో, విషం ఉంటుందట. కోసి బాగా ఎండబెడితే తగ్గుతుందట.

“సాబ్, గిది పెట్టొద్దు. దీంట్ల జహర్ ఉంటది. రెండు ఎండలు తగిలినంకనే పెట్టాలె,” అన్నాను, కోటు గుండీ సర్దుకుంటూ.

“నా పహిల్వాన్‌కు పాసిపోయిన బాసీ గడ్డి పెట్టుమంటవా మియా?” అని ఆయన గుర్రుమన్నారు. కానీ జహర్ అన్న మాట వింటే కన్నతండ్రికైనా భయమే కదా, ఒప్పుకున్నారు.

మా మిద్దె మీద అమ్మ ఆరబోసిన మిరపకాయలు ఓ మూలకు జరిగాయి, మేత పరుచుకుంది. రోజూ దవాఖానాకు పోయే ముందు తిరగేసేవాణ్ణి. ఆ ఎండుగడ్డి ముందు పెడితే పహిల్వాన్ వాసన చూసి, తల తిప్పి, తిన్నగా నా వంక చూసేది (అంత అసహ్యంగా నన్ను మా లెక్కల అయ్యవారు కూడా చూడలేదు). పది రోజుల్లో దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గల్లీలో పలకరింపులు తగ్గాయి. జమేదార్ సాబ్ సాయంత్రం బయటికి రావడమే మానేశారు.

అప్పుడొచ్చింది గడ్డవ్వ. బహదూర్‌పురా అవతలి పొలాల నుంచి నెత్తిన మోపు పెట్టుకుని గల్లీలో మేత అమ్మే ముసలామె. తన దగ్గర గడ్డి కొనడం ఎందుకు తగ్గించారో కనుక్కుందామని మిద్దెక్కింది.

“గిదేంది బిడ్డా, పచ్చి మేతను గిట్ల మాడ్చినవ్?”

నేను ఎనిమిదో పేజీ మొత్తం అప్పజెప్పాను. అవ్వ ఓపిగ్గా విని, ఒక ఆకు తీసి నా చేతిలో పెట్టింది.

“గా జహర్‌నే మేం నాము అంటం. నాము జొన్నకుంటది కొడుకా. నేను తెచ్చేది మక్కజొన్న. జొన్నాకు గింత యెడల్పుంటదా? నాము తాకితే బెల్లం నీళ్లు తాపాలె, సల్ల తాపాలె. మక్కకు ఏం తాపుతవ్?”

చీకటి పడేలోగా గల్లీకంతా తెలిసిపోయింది. ఇరానీ హోటల్లో అడుగుపెడితే చాలు, “డాక్టర్ సాబ్, చాయ్ గూడ ఎండబెట్టి తాగాల్నా?” అనేవాళ్లు. ఇక ఎవరి పశువు ఏం తిన్నా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డవ్వకు జ్వరమొచ్చి వారం రోజులు రాలేదు. జమేదార్ సాబే స్వయంగా పోయి ఎక్కణ్ణుంచో పచ్చటి మోపు తెచ్చారు. గోడ మీదుగా చూశాను. ఆకు సన్నగా ఉంది. ఎండిన మొదళ్ల నుంచి వచ్చిన పిలకలు. ఈసారి జొన్నే. నోటిదాకా వచ్చింది. చాయ్ మాట గుర్తొచ్చి, నాకెందుకులే అని మింగేశాను.

అర్ధగంట కాలేదు, ఆయన కేక వినిపించింది. పోయి చూస్తే పహిల్వాన్ కాళ్లు తడబడుతున్నాయి, నోట నురగ, ఊపిరి ఎగబోస్తోంది. మిగిలిన మోపు బయటికి విసిరేసి, అమ్మ బెల్లం కుండ ఎత్తుకొచ్చాను. నీళ్లలో కలిపి, ఆయన పొట్టేలు తల పట్టుకుంటే నేను వెదురు గొట్టంతో పోశాను. తర్వాత మజ్జిగ, మళ్లీ బెల్లం నీళ్లు. అది ఎంత తిన్నదో, ఎంత మిగిల్చిందో తెలియదు. ఆయన దాని చెవిలో ఏదో దువా చదువుతూనే ఉన్నారు. చాలాసేపటికి పహిల్వాన్ తల విదిల్చి, లేచి, గొట్టాన్ని ఒక్క కుమ్ము కుమ్మింది.

జమేదార్ సాబ్ నేల మీదే కూలబడ్డారు.

“బెల్లం గంత జల్దీ ఎట్ల తెచ్చినవ్ బేటా? నీకు ముందే ఎరుకనా?”

“అనుమానం ఉండె సాబ్.”

“మరి చెప్పకపోతివేంది?”

“నవ్వుతరని.”

ఆయన పహిల్వాన్ ఉన్నిలో ఇరుక్కున్న గడ్డిపోచలు ఏరసాగారు. కోప్పడితే బాగుండేదని అనిపించింది. చివరికి గడ్డం తుడుచుకుని, “నవ్వితే నవ్వనీ. నవ్వులపాలైనోడు ఎవడన్న చచ్చిండా? తప్పు చెప్తే పొట్టేలు బక్కవడ్డది, గంతే. చెప్పకుంటే పోతుండె,” అన్నారు.

మర్నాడు నేను లేచేసరికి మా మిద్దె మీద ఆయనే మేత పరుస్తున్నారు. అది మక్కే. చెప్పాను. “ఉండనీ, ఒక ఎండ తగలనీ,” అన్నారు.

ఇప్పుడు నాకు ఆనాటి జమేదార్ సాబ్ కంటే ఎక్కువ వయసు. ఇంట్లో ఏది చూసినా ఏదో ఒకటి చెప్తాను, అందరూ నవ్వుతారు, సగంసార్లు వాళ్లదే నిజమవుతుంది. అయినా చెప్తాను. ఆ తెల్లకోటు కుర్రాడు గనక ఎదురైతే, జొన్నకూ మక్కకూ తేడా తెలియనందుకు భుజం తట్టి చాయ్ ఇప్పిస్తాను. తెలిసిన రోజున గోడ చాటున నోరు మూసుకున్నందుకు మాత్రం ఒక మొట్టికాయ బాకీ ఉంది.