మూడో మనిషి వచ్చేదాకా

డెబ్బైల చివర్లో, కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టర్‌గా చేరిన కొత్తలో, నాకు సైకిల్ పందేల పిచ్చి ఉండేది. దసరా వెళ్ళాక మొదలై ఎండలు ముదిరేదాకా నెలకో ఆదివారం పొద్దున్నే పందెం. కాజీపేట చౌరస్తాలో బయలుదేరి, హనుమకొండ మీదుగా వరంగల్ దాటి, ఖిలా వరంగల్ కోట లోపల సున్నంతో గీసిన గీత చేరుకోవాలి. అవి పందెం సైకిళ్ళేమీ కావు. రోజూ డ్యూటీకి తొక్కే నల్ల సైకిళ్ళే. ఆ పూటకు మడ్‌గార్డులు, క్యారియర్ విప్పి ఇంట్లో పెట్టి వచ్చేవాళ్ళం.

పందేలు నడిపేది హనుమకొండలో కిరాయి సైకిళ్ళ దుకాణం ఉన్న ఒక పెద్దాయన. అందరం ఆయన్ని కాకా అనేవాళ్ళం. గెలిచినవాడికి ఆయన స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చేవాడు. మూడేళ్ళలో మా ఇంట్లో అలాంటి డబ్బాలు పదకొండు చేరాయి. నా భార్య వాటిలో పప్పులు, చింతపండు, సూదీదారం దాచుకుని, ఇంకా వస్తే ఏం పెట్టాలో తెలియక అటక మీదికి ఎక్కించింది.

చిక్కు అక్కడే వచ్చింది. మొదటివాణ్ణి నేను, రెండోవాడు కూడా మా రైల్వే కాలనీవాడే. మిగతా పేటలవాళ్ళు మెల్లగా రావడం మానేశారు. ఒక ఆదివారం ఏడుగురమే మిగిలాం. కాకా విజిల్ జేబులో వేసుకుని అన్నాడు.

"ఇగ బంద్ చేద్దాం తమ్మీ. ఎవరు గెలుస్తరో నా దుకాణం ముంగట కట్టేసిన మేకకు గూడ ఎరుకే."

నాకు ఆ మాట గట్టిగా తగిలింది. ఆ సాయంత్రం ఆయన దుకాణం బల్ల మీద కూర్చుని, "జట్లు పెడదాం కాకా. పేటకు ముగ్గురు" అన్నాను.

"ఎట్ల లెక్కపెడ్తవ్? ముందుగాల వచ్చినోన్ని లెక్కపెడ్తే మల్ల నువ్వే గద."

చాయ్ తాగుతూ చాలాసేపు ఆలోచించి ఆయనే దారి చెప్పాడు. "ముగ్గుర్ల ఆఖరోడు ఎప్పుడు గీత దాటితే అప్పుడే ఆ జట్టు వచ్చినట్టు. ఒక్కడు ఉరికితే ఏం ఫాయిదా ఉండొద్దు."

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎలా లెక్కపెట్టినా గెలిచేది మేమేనన్న ధీమా ఉంది మరి.

వారం తిరిగేలోపు కబురు ఊరంతా పాకింది. హనుమకొండ బజారు దుకాణదారులు ఒక జట్టు, కోట రైతులు ఒక జట్టు. వరంగల్ కాశిబుగ్గ నేతగాళ్ళు ఇంకో జట్టు. కాశిబుగ్గ నా అత్తగారి ఊరు. పుట్టింటికి పోయి వచ్చిన నా భార్య ఆ రోజు అన్నం వడ్డిస్తూ తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏంది, నవ్వుతానవ్?"

"కాశిబుగ్గ జట్టుల మూడో మనిషి ఎవలో ఎరుకేనా?"

"ఎవలు?"

"మా బాపు."

మా మామకు అప్పటికి యాభై దాటాయి. జంపఖానాలు నేసేవాడు. మర్నాడు డ్యూటీ దిగగానే ఆయనకు నచ్చజెప్పి మాన్పిద్దామని వెళ్ళాను. మగ్గం గుంటలో కాళ్ళు ఆడిస్తూ ఉన్నాడు.

"మామా, పడుచు పోరగాండ్ల నడుమ మీకెందుకు ఈ తిప్పలు?"

ఆయన కాళ్ళు ఆగలేదు. "పొద్దుగాల నుంచి పొద్దుమీకెదాక ఈ గుంటల నేను చేసేది ఏంది అల్లుడా? తొక్కుడే గద. సైకిల్ మీదనైతే జర ముంగటికన్న పోత."

నేను సైకిల్ తిప్పుకుని ఇంటికి వచ్చేశాను.

జట్ల మొదటి పందెంలో ఎప్పటిలాగే నేను అందరికన్నా ముందు గీత దాటి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. మా జట్టులో రెండో అతను కాసేపటికి వచ్చాడు. మా మూడో మనిషి టికెట్ కౌంటర్ గుమాస్తా. భారీ మనిషి, మంచివాడు. అతని జాడ లేదు. ఈలోపు కాశిబుగ్గవాళ్ళు ముగ్గురూ ఒకేసారి వచ్చేశారు. ముందొక కుర్రాడు ఎదురుగాలికి అడ్డం కాస్తున్నాడు, అతని చక్రం వెనకాలే మా మామ, ఆయన వెనకాల ఇంకొకడు. ముగ్గురి కాళ్ళూ ఒకే లెక్కన పడుతున్నాయి. దిగి, తువ్వాలతో మొహం తుడుచుకుని, మామ నన్ను అడిగాడు.

"మీ మూడో ఆయన ఏడి?"

"వస్తాండు మామా."

"ఒక్కడే వస్తాండా? పాపం."

ఎగతాళిగా అనలేదు. నిజంగానే జాలిపడ్డాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి రోజూ డ్యూటీ అయ్యాక గుమాస్తాతో కలిసి తొక్కడం మొదలుపెట్టాను. "అన్నా, నువ్వు ఉరికితే నీ వీపు గూడ కనబడ్తలేదు. జర నా ముంగట్నే ఉండు, నీ చక్రం చూసుకుంట వస్త" అన్నాడు మొదటి రోజే. ఒకడి కోసం నిదానంగా తొక్కడం నాకు వేగంగా తొక్కడం కన్నా కష్టమైంది. కానీ దారిలో అతను చెప్పే టికెట్ కౌంటర్ కబుర్లకు నవ్వీ నవ్వీ ఊపిరాడేది కాదు. అంతకు ముందు మూడేళ్ళూ ఆ రోడ్డు మీద నేను ఎవరితోనూ మాట్లాడనే లేదని అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది ఆఖరి పందెం నాటికి గెలుపుల లెక్కలో మేమూ కాశిబుగ్గా సమానంగా ఉన్నాం. గెలిచిన జట్టుకు ఇవ్వమని నేతగాళ్ళు పెద్ద జంపఖానా ఒకటి కాకాకు ఇచ్చారు. నేసింది మా మామే. ఆ రోజు గీత దగ్గర జాతరలా జనం. నువ్వు ఎవరి దిక్కని అడిగితే, "ఎవరు గెలిస్తే నాకేంది, జంపఖానా మా ఇంటికే గద" అంది నా భార్య.

వరంగల్ రైల్వే అండర్ బ్రిడ్జి దాకా అందరం కలిసే ఉన్నాం. ఎత్తు ఎక్కుతుండగా గుమాస్తా చైను ఊడింది. మునుపైతే నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. ఆ రోజు మా రెండో అతనూ నేనూ ఆగిపోయాం; నేను సైకిల్ పక్కన పడేసి, చేతులు నల్లబడేలా చైను ఎక్కించాను. కాశిబుగ్గవాళ్ళు కనుచూపు దాటిపోయారు. ఇక ముగ్గురం ఒకరి వెనక ఒకరం, ఊపిరి కలిపి తొక్కాం. కోట దర్వాజా వంకరల్లో అందరూ నిదానించాల్సిందే. అక్కడ వాళ్ళను అందుకున్నాం.

నేనూ, మా రెండో అతనూ, కాశిబుగ్గ కుర్రాళ్ళిద్దరూ దాదాపు ఒకేసారి గీత దాటి వెనక్కి తిరిగాం. లెక్కకు వచ్చేది ఇక ఇద్దరే. మామా, గుమాస్తా పక్కపక్కనే వస్తున్నారు. మామ పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉంది. గుమాస్తా చొక్కా గుండీలు ఊడిపోయాయి. "తొక్కు, తొక్కు" అని నేను గొంతు చించుకుంటున్నాను. గుమాస్తా కోసమే అరిచాననుకున్నాను. "మామా" అని అరిచానని నా భార్య ఇప్పటికీ అంటుంది.

జానెడు తేడాతో మామ చక్రం ముందు దాటింది. గుమాస్తా గడ్డిలో వెల్లకిలా పడి, పొట్ట అదిరేలా నవ్వుతున్నాడు. మామ వెళ్ళి అతనికి చెయ్యిచ్చి లేపాడు. కాకా జంపఖానా చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేమే నేసినం, మేమే గెలుసుకున్నం. ఇదేం ఆట కాకా" అన్నాడు. కాకాకు నవ్వాగక విజిల్ కింద పడింది.

తర్వాత మామ కాళ్ళు పట్టేశాయి. పందెం తొక్కినవాళ్ళమూ, చూడవచ్చినవాళ్ళలో చాలామందీ సైకిళ్ళు నడిపించుకుంటూ ఆయనతో కాశిబుగ్గ దాకా నడిచాం. అత్త పదిమందికి వండి ఉంచింది. వాకిట్లో నలభైమందిని చూసి మామను నాలుగు మాటలని, వెంటనే ఇంకో పొయ్యి రాజేయించింది. నా భార్య పక్కిళ్ళ నుంచి గిన్నెలు అడిగి తెచ్చింది. అన్నం ఉడికేలోపు కాకా అరుగు మీద కూర్చుని వచ్చే ఏడాది జట్ల పేర్లు రాసుకున్నాడు. సందు చివరి దాకా జనం నిలబడి, మా పేట రాయి, మా పేట రాయి అంటూనే ఉన్నారు.